పాట నడుమ ఎవరుండాలి

స్టీరియోలో మధ్య అనే చోటు లేదు. ఎడమన ఒక స్పీకరు, కుడిన ఒక స్పీకరు, ఉన్నవి అంతే. రెండింటిలోంచీ ఒకే గొంతు ఒకే మోతాదులో వస్తే, మన చెవులు రెండూ కూడబలుక్కుని ఆ గొంతుని ఎదురుగా ఉన్న గోడ మీద నట్టనడుమ నిలబెడతాయి. అక్కడికి వెళ్ళి తడిమితే సున్నం తప్ప ఏమీ తగలదు. ఈ సంగతి నాకు బరంపురంలో మా మేనమామ పాటల షాపులో తెలిసింది. తెలిసిన రోజే ఆ లేని చోట్లో ఎవరిని పెట్టాలో కూడా తీర్మానించేసుకున్నాను.

మావయ్యది ఖాళీ క్యాసెట్లలోకి పాటలు ఎక్కించి ఇచ్చే షాపు. పాత బరంపురంలో రెండు వీధులు కలిసే మూల మీద ఉండేది. ఒకటి మా తెలుగువాళ్ళ వీధి, రెండోది ఒడియావాళ్ళ వీధి. గీత గీసి ఎవరూ చెప్పలేదు గానీ, పొద్దున్నే పిల్లల్ని తిట్టే భాష విని ఏ వీధో చెప్పేయొచ్చు. మా నాన్న హైస్కూలు మేష్టారు. తాతలనాటి నుంచీ ఈ ఊళ్ళోనే ఉన్నాం. ఇంట్లో తెలుగు, గుమ్మం దిగితే ఒడియా, కోపం వస్తే రెండూ కలిపి. నాకు ఆ మూడోది బాగా వచ్చు.

డిగ్రీ అయిపోయి ఇంట్లో ఖాళీగా ఉన్న రోజులవి. క్యాసెట్లు ఇంకా బాగానే నడుస్తున్న కాలం. మధ్యాహ్నం మావయ్య భోంచేసి కునుకు తీసే వేళకి షాపులో కూర్చోవడం నా పని. ఆయన విశాఖపట్నంలో ఆర్కెస్ట్రా మూసేసిన ఒకాయన దగ్గర నాలుగు ట్రాకుల రికార్డింగు మిషను కొన్నాడు. తెచ్చి, ఎలా వాడాలో తెలియక దాని మీద తువ్వాలు కప్పి ఉంచాడు. ఆ తువ్వాలు తీసినదాన్ని నేను. అది చేసే పని ఇదీ: నాలుగు చప్పుళ్ళని ఒకే టేపు మీద విడివిడిగా, దేని దారిలో దాన్ని పట్టుకుంటుంది. తర్వాత తీరిగ్గా కూర్చుని దేన్ని పెంచాలి, దేన్ని తగ్గించాలి, ఎడమకి పంపాలా కుడికి పంపాలా అన్నది మనం చూసుకోవచ్చు. ఒక్కో దారికీ ఒక చిన్న గుండ్రటి బిరడా ఉంటుంది. ఎడమకి తిప్పితే ఆ చప్పుడు ఎడమ స్పీకరులోకి పోతుంది, కుడికి తిప్పితే కుడి స్పీకరులోకి. తిప్పకుండా నిలువుగా ఉంచేస్తే, చెప్పాను కదా, ఆ లేని చోట్లోకి వస్తుంది.

షాపు వెనకగదిలో మా బ్యాండు ఉండేది. రాక్ బ్యాండు అని మేం అనుకునేవాళ్ళం. ఊళ్ళోవాళ్ళు ఆర్కెస్ట్రా అనుకుని, "మా పిల్ల పెళ్ళికి వాయించడానికొస్తారేటి?" అని అడిగేవాళ్ళు. గిటార్ వాయించేవాడు మా ఎదురింటి అబ్బాయి. డ్రమ్ములు వాయించేవాడు ఒడియా వీధిలో మొదటింటివాడు. పాడేది నేను. నాలుగో మనిషి బాస్ గిటార్ వాయించేవాడు. బాస్ అంటే లావుపాటి నాలుగు తీగల గిటారు. పాట అడుగున మంద్రంగా మోగుతూ ఉంటుంది. ఉన్నంతసేపూ దాన్ని ఎవరూ పట్టించుకోరు. ఆగిపోతే మాత్రం పాట కింద నేల జారిపోయినట్టుంటుంది. మనిషి కూడా అంతే.

అతని ఊరు హుమ్మ. వాళ్ళ నాన్న అక్కడ ఉప్పు మడుల దగ్గర గుమాస్తా. ఒడియావాళ్ళే గానీ, చదువు కోసం బరంపురం వచ్చి తెలుగువాళ్ళింట్లో గది అద్దెకి తీసుకోవడం వల్ల అచ్చం మాలాగే తెలుగు మాట్లాడేవాడు. "ఏటంటే..." అని మొదలుపెట్టేవాడు. మేం ముగ్గురం నోరున్నవాళ్ళం. అతని వాక్యం పూర్తయ్యేలోపు మాలో ఎవరో ఒకరం దాన్ని లాగేసుకునేవాళ్ళం. అతను నవ్వి ఊరుకునేవాడు. వాయించేటప్పుడు మాత్రం అతని దగ్గర ఎవరూ ఏమీ లాగేసుకోలేకపోయేవాళ్ళు. నేను ఊపిరి పీల్చుకుంటే అతని వేలు తీగ మీద ఆగేది. నేను తాళం తప్పి ముందుకు పోతే, డ్రమ్ములవాడు కర్రలు విసిరికొట్టేవాడు గానీ, అతను నాతో పాటే వచ్చి నెమ్మదిగా నన్ను వెనక్కి తెచ్చేవాడు. తెచ్చినట్టు కూడా తెలిసేది కాదు.

నేనతన్ని ప్రేమించాను. ఇప్పుడు ఎంత సులువుగా రాసేశానో చూడండి! అప్పుడు ఈ నోటితో, వీధి కుళాయి దగ్గర పదిమందిని కడిగేసి వచ్చే ఈ నోటితో, ఆ ఒక్క ముక్క అనలేకపోయాను. ఎన్నిసార్లో నాలుక చివరిదాకా వచ్చింది. వచ్చి, "తీగ తెంపేశావా మళ్ళీ?" అనో, "టీ తాగుతావా?" అనో అయి బయటపడేది.

ఇంతలో అతనికి రూర్కెలాలో ఉద్యోగం వచ్చింది. వెళ్ళేలోపు మన పాట ఒక్కటైనా పట్టి ఉంచుదాం అని గిటార్‌వాడు పట్టుబట్టాడు. పాట మాదే. పల్లవి నేను తెలుగులో రాశాను, రెండో చరణం అతను ఒడియాలో రాశాడు. ఎండకి మడిలో నీళ్ళు ఇంకిపోయి ఉప్పు తేలడం గురించి. రాక్ పాటలో ఉప్పేమిటి అని గిటార్‌వాడు చాలా గొడవ చేశాడు. "నువ్వు రోజూ తింటున్నది ఏటి, గులాబీలేటి?" అన్నాను. దాంతో నోరు మూశాడు.

వెనకగది తలుపులకి దుప్పట్లు కట్టి, ఫ్యాను ఆపేసి, చెమటలు కక్కుకుంటూ ఆ పాట రికార్డు చేశాం. డ్రమ్ములు ఒక దారి, బాస్ ఒక దారి, గిటార్ ఒక దారి, నా గొంతు ఒక దారి. మిషను నిండిపోయింది. అందరూ సామాన్లు సర్దుకుంటుంటే నేను అతని దగ్గరికి వెళ్ళి, పని మాట అడిగినట్టే అడిగాను.

"కలిపేటప్పుడు నిన్నెక్కడ పెట్టమంటావు?"

అతను బాస్‌కి సంచి తొడుగుతున్నాడు. తలెత్తకుండానే అన్నాడు. "నీ ఇష్టం. నువ్వెక్కడ పెడితే అక్కడుంటాన్లే."

ఆ మాటకి నేను లోపల ఎన్ని దీపాలు పెట్టుకున్నానో ఏం చెప్పను. మిషను గురించి అన్నాడు, అంతే అయ్యుండొచ్చు. కాదని ఎవరు చెప్పగలరు? మర్నాడు అతను రైలెక్కాడు. స్టేషనుకి మగపిల్లలిద్దరూ వెళ్ళారు. నేను వెళ్ళలేదు. ఏమని వెళ్ళను?

అప్పట్నుంచీ మధ్యాహ్నాలు నావి. మావయ్య కునుకు, వీధిలో ఎండ, షాపులో నేనూ ఆ మిషనూ. మొదట్లో పాట కలపనే లేదు. మూడు దారులు మూసేసి, అతని దారి ఒక్కటే తెరిచి పెట్టుకుని వినేదాన్ని. పాట మొదలు కాకముందు కుర్చీ కిర్రుమంటుంది. ఒకచోట గొంతు సవరించుకుంటాడు. రెండో చరణానికి ముందు గోరు తీగకి తగిలి చిన్న టిక్కుమన్న చప్పుడు. నేను పాడుతున్నప్పుడు ఇవేవీ వినలేదు. మనిషి రూర్కెలాలో ఉన్నాడు, అతని కుర్చీ కిర్రుమనడం నా దగ్గర ఉంది. అప్పుడప్పుడు ఎవరైనా బేరానికొచ్చి, "అదేటమ్మా, ఉత్త బుంబుమ్మంటోంది, టేపు పాడయిందేటి?" అనేవాళ్ళు. "అవును, పాడయింది" అని హెడ్‌ఫోన్లు పెట్టుకునేదాన్ని.

చివరికి కలపక తప్పలేదు. యాత్ర దగ్గర పడుతోంది. ఏడాది విడిచి ఏడాది వచ్చే అమ్మవారి జాతర, ఠాకురాణీ యాత్ర. ఆ నెలంతా మా పాత ఊరు ఊరు కాదు. వేషాలు, డప్పులు, వీధి వీధికీ మైకులు. మన రెండు వీధుల మైకులో మన పాట వేయిస్తానని గిటార్‌వాడు అందరికీ చెప్పేసుకున్నాడు. డ్రమ్ములవాడు ఇంకో కబురు తెచ్చాడు. యాత్రకి అతను వస్తున్నాడట, సెలవు దొరికిందట.

ఆ మాట విన్నాక నాకు కావలసిందేమిటో స్పష్టంగా తెలిసిపోయింది. అతను ఆ పాట వినాలి. విని, నేను చెప్పకుండానే తెలుసుకోవాలి. నా నోరు చేయలేని పని ఆ చిన్న బిరడాలతో చేయించాలి.

మొదట గిటారు సంగతి చూశాను. గిటారూ నా గొంతూ ఒకే ఎత్తులో తిరిగే చప్పుళ్ళు. రెంటినీ నడుమ పెడితే ఒకదాని మీదొకటి పడి నా మాటలు నలిగిపోతున్నాయి. కొంచెం ఎడమకి జరిపాను. ఇంకొంచెం. గట్టుదాకా జరిపేసరికి నా మాటలు కడిగిన పళ్ళెంలా బయటికొచ్చాయి. బాస్‌తో నాకు ఆ గొడవ లేదు. అతను అడుగున, నేను పైన. ఇద్దరం ఒకే చోట ఉన్నా మోచేతులు తగలవు. ఇది నా కల్పన కాదు, పాటలు కలిపేవాళ్ళెవరినైనా అడగండి, బాస్ నడుమే పెడతారు, పాడే గొంతూ నడుమే పెడతారు. ఇంతవరకూ నేను చేసింది పద్ధతే.

పద్ధతి తప్పింది డ్రమ్ముల దగ్గర. అవి కూడా నడుమే ఉండాలి. అన్ని క్యాసెట్లలోనూ ఉన్నవి అక్కడే. నేను వాటిని తీసుకెళ్ళి కుడి గట్టున కూర్చోబెట్టాను. గిటారు ఎడమన ఉంది కాబట్టి బరువు సరిపోవాలి కదా అని పైకి చెప్పాను. అసలు సంగతి అది కాదు. ఆ నడిమి చోట్లో మా ఇద్దరి మధ్య మూడో మనిషి ఉండకూడదు. అంతే. ఇప్పుడు కలపమన్నా అలాగే కలుపుతాను.

వినడానికి వచ్చినప్పుడు ఇద్దరూ నా మీద పడ్డారు.

"డ్రమ్ము నడిమిని ఉండాల" అన్నాడు డ్రమ్ములవాడు. "నన్ను బైటికి గెంటీసినావేటి?"

"నీ మోత కింద నా మాటలు వినబడట్లేదు."

"మరి నన్ను రెండు పక్కలా పెట్టు" అన్నాడు గిటార్‌వాడు.

"ఒక్కడివే ఉన్నావు, రెండు పక్కలా ఎలాగ పెడతాను? ఇద్దరు పెళ్ళాల మొగుడివేటి నువ్వు?"

నిద్ర లేచొచ్చిన మావయ్య చెవి వొగ్గి కాసేపు విన్నాడు. "ఏటే అమ్మడూ, ఈడ్నో మూలకీ ఆడ్నో మూలకీ తోసీసినావు? ఆళ్ళేటి సేసినారే నిన్ను?" అన్నాడు. నడుమ ఉన్నవాళ్ళ గురించి ఎవరూ అడగలేదు. బాస్ అంటే ఎవరికీ గుర్తుండదని ముందే చెప్పాను కదా. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు అన్నట్టు నేను దేనికీ ఒప్పుకోలేదు, పాట అలాగే క్యాసెట్టుకి ఎక్కింది.

ఇక మైకుసెట్టాయన. ఆయనకి అంతకుముందు గొట్టాల మైకులుండేవి. ఆ ఏడు కొత్తగా రెండు పెద్ద బాక్సులు తెచ్చాడు, మంచి మోత, అడుగు చప్పుడు కూడా వినిపించేవి. ఆ బాక్సులు రెండూ మూల మీద వేసే యాత్ర పందిరికి అటొకటి ఇటొకటి ఉంటాయనీ, ఎడమ ఎడమన, కుడి కుడిన మోగుతాయనీ, సరిగ్గా మా షాపు ముందు నిలబడితే నడుమ మేమిద్దరం వినిపిస్తామనీ నేను లెక్క వేసుకున్నాను. మా రెండు వీధుల సంగతి తెలిసి కూడా ఎలా వేసుకున్నానో ఆ లెక్క! కొత్త బాక్సులు వచ్చాయనగానే మా వీధి పెద్దలు "రెండూ పందిరి కాడేనా, మా ఈదికి నేదా?" అన్నారు. ఒడియా వీధివాళ్ళు తక్కువ తిన్నారా? పంచాయతీ తెగక, మైకుసెట్టాయన ఒక బాక్సు మా వీధి లోపలికీ, ఒక బాక్సు వాళ్ళ వీధి లోపలికీ లాగేశాడు. కుడి తీగ మాకు, ఎడమ తీగ వాళ్ళకు. రెండు వీధులకీ సమంగా న్యాయం జరిగింది. పాపం ఆయన తప్పేముంది. అన్నాళ్ళూ ఆయన వేసినవి భజనలు, రెండు పక్కలా ఒకేలా ఉండేవి. ఎవరికీ ఏ తేడా తెలిసే పని పడలేదు.

ఆ సాయంత్రం దీపాలు పెట్టే వేళకి మా పాట వేశారు. నేను మా ఇంటి గుమ్మంలో అమ్మ పక్కన ఉన్నాను. మొదటి దెబ్బకే తేడా తెలిసిపోయింది. ధన్ ధన్ మని డ్రమ్ములు మోగుతున్నాయి, గిటారు లేదు. ఎక్కడా లేదు. ఎదురింట్లోంచి గిటార్‌వాడి అమ్మగారు చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని రోడ్డు మీదికి వచ్చేశారు. పొద్దుట్నుంచీ వీధంతా తిరిగి మావోడి పాట, మావోడి పాట అని చెప్పుకున్న మనిషి.

"ఓలమ్మో, మావోడేడే? మావోడు ఏటైపోనాడే? ఏటి సేసినావే మావోడ్ని?"

"ఉన్నాడు పిన్నీ, ఉన్నాడు, అవతలి వీధిలో ఉన్నాడు..."

"అవతలీదిలో ఆడికేటి పని?"

అదే సమయానికి అవతలి వీధిలో డ్రమ్ములవాడి అమ్మ వాళ్ళింటి ముందున్న బాక్సు దగ్గర చెవి పెట్టి, "మో పుఅ కాహిఁ లో?", నా కొడుకేడీ అని అందర్నీ అడుగుతోందట. ఆవిడ వీధిలో గిటారు మోగిపోతోంది, ఆవిడ కొడుకు కొట్టిన ఒక్క దెబ్బ లేదు. కాకిపిల్ల కాకికి ముద్దు. ఎవరి కాకిపిల్లని వాళ్ళ వీధిలో లేకుండా చేసిన ఘనత నాది. నవ్వొచ్చింది, భయమేసింది, రెండూ ఒక్కసారే.

అప్పుడు రెండో చరణం వచ్చింది. అతను రాసిన ఒడియా చరణం. అక్కడ డ్రమ్ములు ఆగిపోతాయి, గిటారు ఒక్కటే నాకు తోడుగా సాగుతుంది. ఆ గిటారు అవతలి వీధిలో ఉండిపోయింది. మా వీధిలో ఇక మిగిలింది నేనూ, బాసూ. ఇంకేమీ లేదు. వీధి పొడుగునా అంత పెద్ద బాక్సులోంచి మా ఇద్దరి చప్పుడే. గిటార్‌వాడి అమ్మగారు కూడా అరవడం మానేసి నిలబడ్డారు.

మా అమ్మ నా వైపు తిరిగింది. "అడుగున నీ ఎనకాలే తిరుగుతోంది, ఆ గొంతు ఎవుల్దే?"

"గొంతు కాదమ్మా. బాస్."

"ఏదైతే ఏటి. నిన్నొక్క గడియ ఒగ్గనేదు గదా."

మా అమ్మకి సంగీతం రాదు. అయినా అంత బాగా నా పాటని ఇంకెవరూ వినలేదు. నేను వీధి మలుపు వైపు చూశాను. అక్కడ టీ కొట్టు దగ్గర అతను ఉన్నాడు. ఎప్పుడు వచ్చాడో, తెల్ల చొక్కా వేసుకుని, పక్కన ఎవరో నాకు తెలియని పెద్దమనుషులతో నిలబడి ఉన్నాడు. నా వైపు చూడలేదు. బాక్సు వైపే చూస్తున్నాడు. చేతిలో టీ గ్లాసు అలాగే ఉంది. వింటున్నాడు. తెలిసింది అతనికి. నాకు ఆ క్షణంలో ప్రాణం లేచొచ్చింది.

ఆ ప్రాణం ఎంతోసేపు నిలవలేదు. పాట అయ్యాక గిటార్‌వాడూ డ్రమ్ములవాడూ అదే టీ కొట్టు దగ్గర కలుసుకుని, ఏ వీధిలో ఏం వినిపించిందో లెక్కలు చూసుకున్నారు. ఇక్కడ నువ్వు లేవు, అక్కడ నేను లేను. మరి రెండు వీధుల్లోనూ ఉన్నదెవరు? గిటార్‌వాడు ఊరంతా వినేలా అరిచాడు. "ఓర్నీ! ఇద్దరే ఉన్నార్రా రెండీదుల్లోనూ! మనల్ని గట్టుకి తోసీసి జంట కట్టీసినార్రా!" వాడు సరదాకే అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు పడి పడి నవ్వారు. అతని పక్కనున్న పెద్దమనుషులు మాత్రం నవ్వలేదని డ్రమ్ములవాడు తర్వాత నాకు చెప్పాడు.

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం అతను షాపుకి వచ్చాడు. మావయ్య లోపల పడుకున్నాడు. బయట స్కూటరు మీద ఒకాయన కూర్చుని ఉన్నాడు, యాత్ర నాడు పక్కన నిలబడ్డవాళ్ళలో ఒకడు. అతను కౌంటరుకి అవతలే నిలబడ్డాడు.

"బాగున్నారా?" అన్నాడు.

ఆ "మీరు"తోనే నాకు సగం అర్థమైపోయింది. రూర్కెలా ఎంత దూరమైనా నువ్వుని మీరు చేసేంత దూరం కాదు.

"ఏటంటే..." అన్నాడు. ఈసారి ఆ వాక్యాన్ని లాగేసుకోవడానికి నా దగ్గర మాట లేదు. అతనే పూర్తి చేయాల్సి వచ్చింది. "నాకు సంబంధం కుదిరింది. అమ్మాయివాళ్ళది పొలసర ఊరు. బైటున్నాయన అమ్మాయికి అన్నయ్య. ఆరోజు పాట విన్నారు. ఆ నవ్వులవీ కూడా విన్నారు. వాళ్ళింట్లో ఆడవాళ్ళు వింటారట, క్యాసెట్టు కావాలంటున్నారు. ఇవ్వనంటే ఇంకోలా అనుకుంటారు."

"ఇస్తాను. దానికేం."

"అలాగ కాదు." కౌంటరు అద్దం మీద వేలితో రాస్తూ అన్నాడు. "నన్ను... కొంచెం పక్కకి జరపగలరా?"

ఎప్పుడు కుదిరింది, ఎవరు కుదిర్చారు, నీకిష్టమేనా, ఒక్క మాట నాతో ఎందుకనలేదు, ఇవన్నీ ఒక్కసారిగా గొంతులోకి వచ్చాయి. ఊరందర్నీ కడిగేసే నోరు నాది. ఆ బయటున్న స్కూటరునీ, పొలసరనీ, అతన్నీ కలిపి కడిగేయగలను. అతని మొహం చూశాను. నిద్ర లేని మొహం. కడగలేకపోయాను.

"ఎంత పక్కకి?" అని అడిగాను.

"ఎంత వీలైతే అంత."

సాయంత్రానికి రమ్మన్నాను. అతను వెళ్ళగానే మిషను మీద తువ్వాలు తీసి, బాస్ బిరడా పట్టుకుని కుడికి తిప్పాను, ఇక తిరగదు అన్నదాకా. నా బిరడా ఎడమకి తిప్పాను, ఇక తిరగదు అన్నదాకా. ఖాళీ అయిన నడిమి చోట్లో డ్రమ్ములనీ గిటారునీ తెచ్చి పెట్టాను, వాళ్ళు ఎప్పట్నుంచో అడుగుతున్నారు కదా. హెడ్‌ఫోన్లు పెట్టుకుని మొదట్నుంచీ విన్నాను. నా ఎడమ చెవిలో నేనున్నాను. కుడి చెవిలో అతనున్నాడు. నేను ఊపిరి పీల్చుకున్నచోట అతని వేలు ఆగుతూనే ఉంది, కానీ అంత దూరాన ఆగితే అది నాకోసమని ఎవరికి తెలుస్తుంది? ఏడ్చాను. అబద్ధం ఎందుకు, కౌంటరు మీద తల పెట్టుకుని ఏడ్చాను. మావయ్య లేచొచ్చి, చూసి, వీధిలోకి వెళ్ళి నిలబడ్డాడు. ఆయన జన్మలో నాతో ఏమీ అనకుండా ఊరుకున్నది అదొక్కసారే.

సాయంత్రం అతను వచ్చాడు. స్కూటరాయన బయటే ఉన్నాడు. క్యాసెట్టు డెక్కులో పెట్టి, "ఒకసారి విని తీసుకెళ్ళండి" అని హెడ్‌ఫోన్లు ఇచ్చాను. నేనూ "అండీ"లోకి దిగిపోయాను, పౌరుషం ఉంది కదా మనకి. అతను నిలబడే విన్నాడు. మధ్యలో ఒకసారి కుడి చెవి మీద చెయ్యి పెట్టుకున్నాడు. పాట అయిపోయింది. తల ఊపాడు. నేను క్యాసెట్టు తీయబోతే, "ఉండండి" అని తనే వెనక్కి తిప్పాడు.

మా డెక్కుకి ముందర మోనో అని ఒక బొత్తం ఉండేది. పాత క్యాసెట్టు ఒక పక్కే మోగుతుంటే దాన్ని నొక్కేవాళ్ళం. నొక్కితే ఎడమ, కుడి అన్న తేడా పోతుంది. ఎవరిని ఎంత దూరం జరిపినా సరే, అందరూ నడిమికి వచ్చేస్తారు. వెనకగదిలో అన్నాళ్ళు గడిపిన అతనికి ఆ సంగతి తెలియకపోవడమేముంది. వీధి వైపు ఒకసారి చూశాడు. చెయ్యి ముందుకు చాచి ఆ బొత్తం నొక్కాడు. మళ్ళీ మొదట్నుంచీ విన్నాడు. ఈసారి కళ్ళు మూసుకుని. నాకు ఏమీ వినబడటం లేదు, కానీ ఏది ఎక్కడికొచ్చిందో అతని మొహం మీద తెలుస్తోంది. ఉప్పు చరణం దగ్గరికి వచ్చేసరికి అతని పెదవులు కదిలాయి. బయట స్కూటరాయన హారను కొట్టాడు. అతను కదల్లేదు. మళ్ళీ కొట్టాడు. చివరి అక్షరం దాకా విన్నాడు.

అప్పుడు కళ్ళు తెరిచి, బొత్తం మళ్ళీ పైకి లేపి, క్యాసెట్టు తీసి జేబులో పెట్టుకున్నాడు.

"సరిగ్గానే ఉందండీ" అన్నాడు.